ఘాటీ మీద ఏటి కనపడతాది

సాలూరు మెయిన్ రోడ్డు మీద వరసగా ఉన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో కొండబాబుది పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ప్రశ్నలు వేయడంలో మాత్రం ఆ రోడ్డు మొత్తం మీద అతనిదే పెద్ద నోరు. లీలారాణి ఉద్యోగం కోసం వచ్చిన రోజున, బల్ల మీద పెట్టిన బీకాం సర్టిఫికెట్టుని మోచేత్తో పక్కకి జరిపి, ఆ చోట టీ గ్లాసు పెట్టుకుని, మొదలుపెట్టాడు.

"మీ ఆయన ఒప్పుకున్నాడేటి?"

ఒప్పుకున్నారండి అంది లీలారాణి.

"పిల్లని ఎవరు సూస్తారు?"

మా అత్తగారండి అంది.

"రెండోది ఎప్పుడు?"

దానికి ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకపోయినా అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు, ఎందుకంటే అతను జవాబు కోసం అడగలేదు. ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే అడగవలసినవి ఇవే అని ఎవరో నేర్పినట్టు అడిగాడు. లెక్కలు రాయడం వచ్చా, హిందీ వచ్చా, సరుకు పంపే రాయపూర్ పార్టీతో ఫోన్లో మాట్లాడగలవా అని ఒక్క ముక్క అడగలేదు. అవేవీ తెలుసుకోకుండానే ఆ పనులన్నీ ఆమెకి అప్పగించేశాడు. అవన్నీ వచ్చి ఉండడం అతని అదృష్టం.

అది పాత సంగతి. హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది నాటికి మేనేజరు కూర్మయ్య మోకాళ్ళ నొప్పులతో పని మానుకుని కొడుకు దగ్గరికి కోటబొమ్మాళి వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ అయింది. పని మాత్రం ఒక్కరోజు కూడా ఖాళీ కాలేదు. ఏ బండి ఎక్కడుందో, ఏ లోడు ఎప్పుడు దిగాలో, ఏ డ్రైవరుకి ఏ దారి అప్పజెప్పాలో అన్నీ లీలారాణే చూసేది. కుర్చీ మీద మాత్రం కొండబాబు తన తువ్వాలు ఆరేసుకునేవాడు. చెల్లెలి కొడుకు ఒకడు రాజాంలో డిగ్రీ చదువుతున్నాననే పేరు మీద బైకు తిప్పుతున్నాడు. వాడు ఎప్పటికైనా పాసైతే ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని అతని ఆలోచన. ఆ సంగతి ఆఫీసులో పిల్లికి కూడా తెలుసు.

ఆ ఏడాది వర్షాలు వెనకబట్టాక, ఒక ఉదయం, రాయపూర్ నుంచి ఇనప చువ్వల లోడుతో వస్తున్న బండి సుంకి ఘాటీ కొండదారి దిగుతూ మలుపులో బోర్లా పడింది. తెల్లారి ఎండ కాస్తున్న వేళ, పొడిగా ఉన్న రోడ్డు. డ్రైవరు దాలయ్య ఆ ఆఫీసు బండ్లు తోలేవాళ్ళలో పెద్దవాడు. కాలు రెండు చోట్ల విరిగింది, ప్రాణం దక్కింది. విజయనగరంలో ఒక ఆస్పత్రిలో చేర్చారు.

కొండబాబు కారులో బయల్దేరుతూ, ఇన్సూరెన్సు కాగితాల సంగతి తనకి తెలియదు కనక, లీలారాణిని కూడా రమ్మన్నాడు. మంచం పక్కన నిలబడి అతను మొదట అడిగిన మాట, సరుకు ఎంత పాడైందని. రెండో మాట, ఎంత స్పీడులో ఉన్నావని. మూడో మాట, "నిజం సెప్పు, తాగినావా?"

"నేదు బాబూ. మీకు తెలుసు కదా, నాను ముట్టను."

"మరెందుకు పడిపోనాది బండి?"

"తెలీదు బాబూ."

"తెలీదంటే సరిపోతాదేటి? తోలినోడివి నువ్వు. నీకు తెలీకపోతే నాకు తెలుస్తాదా?"

దాలయ్య గోడవైపు మొహం తిప్పుకున్నాడు. కొండబాబుకి తను గట్టిగా విచారణ చేశానని తృప్తి కలిగింది. పార్టీకి ఫోను చేయాలని వరండాలోకి వెళ్ళిపోయాడు.

లీలారాణి స్టూలు లాక్కుని కూర్చుంది. ఎలా ఉన్నాది అని అడగబోయి మానేసింది. ఎలా ఉన్నదో కనపడుతూనే ఉంది. గోడవైపు తిరిగిన అతని మొహం చూస్తూ, "దాలయ్యా, బండి పడకముందు ఆఖర్ని నీ కళ్ళకి ఏటి కనపడింది?" అంది.

అతను దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ పడుకున్నాడు.

"గొర్రెలమ్మా," అన్నాడు చివరికి. "మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. తెల్లగా, అలా నిలబడిపోయి నన్నే సూస్తన్నాయి. తప్పించుదామని స్టీరింగు కోసినాను."

"పోలీసులు గొర్రెల సంగతి ఏమీ చెప్పలేదే."

"సెప్పరమ్మా. అక్కడ గొర్రెలు నేవు. బండి పడ్డాక నాకూ తెలిసింది. ఆ మాట బాబుకి సెప్తే తాగినాననే అంటాడు."

లీలారాణి స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా జరిపింది. "ఎప్పుడు పడుకున్నావు నువ్వు?"

"రాయపూర్‌లో లోడింగు కాడ పడుకుందామనుకున్నాను. మీరు ఫోను సేసినారు కదా. ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు అనీసి. వచ్చేస్తన్నానని బండెక్కీసినాను. జగదల్‌పూర్ కాడ మల్లీ సేసినారు. కోరాపుట్ కాడ మల్లీ." అతని గొంతులో నిష్ఠూరం లేదు. వానొచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. "ఎక్కడున్నావంటే ఇంకేటి సెప్తామమ్మా? వచ్చేస్తన్నాననే సెప్తాం. పడుకున్నాననడానికి ఏ డ్రైవరుకి నోరొస్తాది?"

ఆ ఫోన్లు చేసింది కొండబాబు కాదు. లీలారాణే. కొండబాబు కేకేసేవాడు, ఆమె నంబరు నొక్కేది. అతని ప్రశ్నల్ని ఇన్నేళ్ళుగా లోపల్లోపల వెక్కిరించుకుంటూనే, వాటినే మక్కికి మక్కీగా డ్రైవర్ల చెవిలో పోస్తూ వచ్చింది. ఒక్కటే జవాబు ఉన్న ప్రశ్నని ప్రశ్న అనుకుంది. అదే డ్యూటీ అనుకుంది. రోజూ రిజిస్టర్లో 'వచ్చేస్తన్నాడు' అని రాసుకుని, తనలాంటి పనిమంతురాలు ఈ రోడ్డులో లేదనుకుంది కూడా.

కొండబాబు సరుకు అందుకోవలసిన పార్టీని కలవాలని కారులో విశాఖపట్నం వైపు పోయాడు. నువ్వు ఎలా వెళ్తావు అని అడిగే అలవాటు అతనికి లేదు. లీలారాణి బస్సెక్కింది. గజపతినగరం దాటాక, రోజూ ఆ వేళకి చేసినట్టే, కూతురు బేబీకి ఫోను చేసింది.

"తిన్నావా?"

"ఆ."

"సదువుతన్నావా?"

"ఆ."

"ట్యూషన్‌కి ఎల్లావా?"

"ఇప్పుడే వచ్చాను."

ఫోను పెట్టేశాక కిటికీ అవతల పొలాలు వెనక్కి పోతుంటే ఆమె చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. ఆ "ఇప్పుడే వచ్చాను" అన్న మాట ఎక్కడో విన్నట్టుంది. ఆ గొంతు బేబీదే, కానీ ఆ తీరు దాలయ్యది.

బేబీ పదో తరగతి. బడిలో పేరు గ్రేస్ మాధురి. ఇంట్లో ఇంకా బేబీ అని పిలుస్తున్నందుకు పళ్ళు కొరుకుతుంది. తండ్రి శాంతికుమార్ గవర్నమెంటు ఆస్పత్రిలో మందులిచ్చే చోట పని చేస్తాడు. సాయంత్రం ముందుగా ఇంటికి చేరేది అతనే కాబట్టి కూర అతనే వండుతాడు. బాగా వండుతాడు. దీని గురించి చర్చి ఆడవాళ్ళు లీలారాణిని జాలిగా చూస్తారు, శాంతికుమార్‌ని ఇంకా జాలిగా చూస్తారు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ, "ఆయనకి ఇబ్బందిగా లేదా వదినా?" అని అడుగుతారు. ఆయన నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంటాడు. ఆయన్ని మాత్రం అడగరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర లీలారాణి మంచి ప్రశ్న ఒకటి వేద్దామనుకుంది.

"ఈవేళ నీకు బాగా నచ్చిన సంగతేటి?"

బేబీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా తల్లి వైపు చూసింది. "వాట్సాప్‌లో వచ్చిందా?"

వచ్చింది నిజమే. చర్చి స్త్రీల గ్రూపులో ఎవరో పంపారు, పిల్లల్ని ప్రతిరోజూ అడగవలసిన ప్రశ్నలని. పైన ఒక పువ్వు, కింద రెండు పావురాలు. లీలారాణి ఆ సంగతి ఒప్పుకోకుండా రెండోది వేసింది. "పోనీ, నిన్ను ఈవేళ ఎవరు నవ్వించారు?"

"ఇప్పుడు నువ్వే," అంది బేబీ. నవ్వలేదు. కంచం కడుక్కుని లోపలికి పోయింది. శాంతికుమార్ మజ్జిగ పోసుకుంటూ, "దాన్ని ఇంటర్వ్యూ సేస్తన్నావేటి?" అన్నాడు.

లీలారాణికి ఒళ్ళు మండింది. పావురాల బొమ్మ వేసి పంపినవాళ్ళ మీద మొదట, తర్వాత తన మీద. అరువు తెచ్చుకున్న ప్రశ్న అరువు తెచ్చుకున్న చీరలాగే ఉంటుంది, ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఆస్పత్రిలో దాలయ్యని అడిగిన మాట ఏ గ్రూపులోనూ రాలేదు. అతని మొహం చూసి పుట్టింది. కూతురి మొహం తను చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. మార్కులు చూసింది, కంచం చూసింది, గడియారం చూసింది.

తర్వాత కొన్నాళ్ళు ఆమె ఏమీ అడగలేదు. అది కష్టంగానే ఉండింది. ట్యూషన్ మాట నాలుక చివరికి వస్తే మింగేసేది. అలవాటుగా రావలసిన ఆ ఫోను రాకపోవడం బేబీ కూడా గమనించింది. ఎందుకు చెయ్యలేదని అడగలేదు గాని, తల్లి ఇంటికి వచ్చేసరికి ముందుగదిలోకి వచ్చి తచ్చాడడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ చాప మీద కూర్చుని ఎండు రొయ్యలకి తలలు తీస్తున్నారు. చేతులకి పని ఉంది, కళ్ళకి ఎదుటి మనిషిని చూడాల్సిన పని లేదు. లీలారాణి తల ఎత్తకుండానే అడిగింది.

"నేను అడిగే వాటిల్లో ఏది అడిగితే నీకు ఒళ్ళు మండిపోతాది?"

బేబీ చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. చేటలో రొయ్యలు కొన్ని పోగయ్యాక అంది, "ట్యూషన్‌కి ఎల్లావా అన్నది."

ఎందుకు అన్న మాట లీలారాణి పళ్ళ దాకా వచ్చింది. ఆ మాట అంటే అది కొండబాబు గొంతుతో వస్తుందని తెలిసి, పళ్ళు బిగించి ఊరుకుంది. రొయ్యల తలలు తీస్తూనే ఉంది.

"నేను ఎల్లటం లేదు," అంది బేబీ. "లైబ్రరీలో కూర్చుంటన్నాను. నెల దాటిపోయింది."

ట్యూషన్ మాస్టరు ఉమాశంకర్ ఆ అమ్మాయిని రోజూ పిల్లలందరి ముందు నిలబెట్టేవాడట. లెక్క అడగడానికి కాదు. మీ అమ్మ ఇంటికి ఎన్నింటికొస్తాదమ్మా అని. లారీ ఆఫీసులో ఆడోళ్ళు ఎంతమందమ్మా అని. మీ ఇంట్లో వంట మీ నాన్నేనా అని. అడిగి, జవాబు చెప్పేలోపే తను నవ్వేవాడు. మాస్టరు నవ్వితే నవ్వాలని నేర్చుకున్న పిల్లలు కూడా నవ్వేవాళ్ళు.

"నాకు సెప్పలేదేం?" అనేసింది లీలారాణి, ఆపుకోలేక.

"నువ్వడగలేదు కదా. ఎల్లావా అంటావు. ఎల్లానంటే ఫోను పెట్టేస్తావు." బేబీ చేతిలో రొయ్యని చేటలోకి విసిరింది. "సెప్తే పట్టించుకోకు అంటావు. నేదంటే గొడవకి ఎల్తావు. రెండూ నాకొద్దు."

లీలారాణి చేటని పక్కన పెట్టింది. చేతులు వాసన వస్తున్నాయని కూడా చూడకుండా కూతురి వీపు మీద చెయ్యి వేసింది. బేబీ ఆ చెయ్యి తోసెయ్యలేదు.

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

ఈ ప్రశ్నకి బేబీ దగ్గర జవాబు తయారుగా లేదు. ఆలోచించింది. "నేను మల్లీ అక్కడికి ఎల్లను. నువ్వు ఎల్తే ఎల్లు. అరవకు మాత్రం."

లీలారాణి అరవలేదు. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఎరువుల కొట్టు మేడ మీదున్న ఆ ట్యూషన్‌కి వెళ్ళింది. గోడ నిండా ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫొటోలు. ఆ ఫొటోల్లో కొందరు ఎప్పుడో పక్క ఊళ్ళో చదువుకున్నవాళ్ళని ఊళ్ళో అందరికీ తెలుసు. ఉమాశంకర్ ఆమెని చూసి కుర్చీలోంచి లేవకుండానే, "ఈవేళ ఆఫీసు నుంచి తొందరగా వదిలేసినారేటమ్మా?" అన్నాడు. పిల్లల వైపు ఒక చూపు విసిరాడు కూడా.

"మా అమ్మాయి ఎలా సదువుతన్నాది మాస్టారూ?" అంది లీలారాణి.

"బాగానే సదువుతన్నాదమ్మా. కాస్త ధ్యాస తక్కువ. ఇంట్లో పట్టించుకునే మనిషుంటే ఇంకా బాగుంటాది. మరి మీకు తీరుబాటు ఉండదు కదా."

"నిన్న కాక మొన్న ఏ పాఠం సెప్పారండీ?"

"త్రికోణమితి."

"దానికి అర్థమైందా?"

"అర్థమైందనే అంది. నాలుగు లెక్కలు సేయించాను కూడా."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కవాడికి పాకింది. ఉమాశంకర్ అదెందుకో తెలియక, తన మాటకే అనుకుని, తనూ కొంచెం నవ్వాడు.

లీలారాణి గొంతు పెంచలేదు. "అది ఇక్కడికి రావడం మానేసి నెల దాటింది మాస్టారూ. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది, మీకు ఇంకా తెలీదు. ఫీజు మాత్రం పోయిన వారం కూడా తీసుకున్నారు."

ఉమాశంకర్ బల్ల మీది పుస్తకం తెరిచి మళ్ళీ మూశాడు.

"దాన్ని మీరు అడిగిన వాటికి జవాబులు దానికి సరిగ్గా తెలీవు, నేనే సెప్దామని వచ్చాను. ఇంటికి ఏడింటికి వస్తాను. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. వంట మా ఆయనే సేస్తారు, కూర బాగుంటాది. ఇంకేటైనా తెలుసుకోవాలనుందా మీకు?"

ఉమాశంకర్ సుద్దముక్క వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. అంతసేపు నోరు ఖాళీగా ఉండడం అతనికి అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆమె మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "సైలెన్స్," అని అరిచిన అరుపు వినిపించింది. ఎవరూ మాట్లాడటం లేదు, అయినా అరిచాడు.

బేబీ లెక్కలు లైబ్రరీలోనే చదువుకుంది. రాని వాటికి ఇంట్లో కూర్చుని ఏడ్చింది, లీలారాణి పక్కన కూర్చుంది. పదో తరగతి లెక్కలు లీలారాణికీ కొన్ని రావు. రావని చెప్పడం ఇద్దరికీ కొత్తగానే ఉండింది.

ఆఫీసులో ఇన్సూరెన్సు పని నడుస్తుండగా కొండబాబుకి డ్రైవర్లందరినీ పిలిచి బుద్ధి చెప్పాలన్న కోరిక పుట్టింది. ఒక పొద్దున్న బండ్లు నిలిపే ఖాళీ స్థలంలో అందరినీ నిలబెట్టి, తను కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. లీలారాణి హాజరు రాసుకోవడానికి పక్కన నిలబడింది.

"మీలో తాగి బండి తోలీవోడెవడో లేచి నిలబడండి," అన్నాడు. అందరూ నిలబడే ఉన్నారు. అతనికి ఆ సంగతి తట్టలేదు. ఎవరూ మాట్లాడలేదు. "సూసినావా," అన్నాడు లీలారాణితో, "ఒక్కడికి నిజం సెప్పే దమ్ము లేదు."

లీలారాణి పెన్ను మూత పెట్టింది. "నేనొక మాట అడుగుతాను," అని, డ్రైవర్ల వైపు తిరిగింది. "ఘాటీ మీద మీకు ఏటి కనపడతాది?"

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"రోడ్డు మీద లేనిది," అంది. "నిజంగా లేనిది. దాలయ్యకి గొర్రెలు కనపడ్డాయి."

ముందు వరసలో వెంకీ అనే డ్రైవరు నవ్వేశాడు. పెళ్ళై ఏడాది కాలేదు అతనికి. "నాకైతే పెళ్ళిపందిరమ్మా. రోడ్డుకి అడ్డంగా, లైట్లతో. ఓసారి బ్రేకేసి దిగీసినాను కూడా, పక్కకి తీయమని సెప్పడానికి." అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఇంకొకతనికి నోరు వచ్చింది. అసిరయ్య, తల నెరిసినవాడు. "నాకు మా యావిడ. నీల్లబిందెతో నిలబడతాది మలుపులో. అది సచ్చిపోయి నాలుగేళ్ళు." ఈసారి నవ్వు తగ్గింది. మరొకతనికి ఎదురుగా డ్రైవరు లేని లారీ వస్తుందట. ఇంకొకతనికి రోడ్డే రెండుగా చీలిపోతుందట, ఏది నిజమైనదో తెలియక, కళ్ళు మూసుకుని ఏదో ఒకదానిలోకి పోనిస్తాడట. అతను ఆ మాట చెప్పి తల దించుకున్నాడు. అప్పటికి నవ్వేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎప్పుడు కనపడతాయివి?" అంది లీలారాణి.

"పడుకోని దినాల్లోనమ్మా," అన్నాడు అసిరయ్య. "ఇంకెప్పుడు?"

కొండబాబు కుర్చీలో కదిలాడు. "ఇవేటి దెయ్యాల కథలు, పనీ పాటా లేక."

"దెయ్యాలు కావండి. మనం సేసే ఫోన్లు," అంది ఆమె. "ఎక్కడున్నావని నేను అడుగుతాను. వచ్చేస్తన్నానని వాళ్ళంటారు. అలాగే వస్తన్నారు, కళ్ళు మూసుకుని." తర్వాత తనకి కావలసింది చెప్పింది. రాయపూర్ దారిలో బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఘాటీ ఎక్కే ముందు పడుకుని లేవాలి. లోడు ఒకరోజు ఆలస్యంగా దిగుతుంది.

"పార్టీ ఒప్పుకోడు," అన్నాడు కొండబాబు వెంటనే.

"అడిగారా?"

అడగలేదు. అతను పార్టీని అడిగేవన్నీ వేరే. ఆమె మాత్రం అడిగింది, అంతకు రెండు రోజుల ముందే. లోడు లోయలో పడడం కంటే మర్నాడు రావడమే నయమని రాయపూర్ సేటు హిందీలో చెప్పాడు, ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరూ అడగలేదేమని కూడా అన్నాడు. ఆ జవాబు విని కొండబాబు, "సూద్దాం," అన్నాడు. కానీ డ్రైవర్లు ఎదురుగా నిలబడి ఉన్నారు, కదలడం లేదు. ఆ పూట అతనికి సూద్దాం అన్న మాట పనికి రాలేదు.

వేసవి వచ్చేసరికి కొత్త పద్ధతి కుదురుకుంది. దాలయ్య కర్ర పట్టుకుని నడుస్తూ వచ్చి ఆఫీసులో లోడింగు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఘాటీ మీద మళ్ళీ బండి పడలేదు. అప్పుడు తెలిసింది కొండబాబుకి, ఈ ఆలోచన తనదేనని. లారీ ఓనర్ల సంఘం మీటింగులో, "మా డ్రైవర్లని పిలిచి, ఒరే నాయనా, మీకు నిద్ర సరిపోతన్నాదేటి అనడిగాను," అని మైకులో చెప్పుకున్నాడు. శాలువా కప్పించుకున్నాడు. లీలారాణిని కూడా స్టేజీ మీదకి పిలిచారు. సంఘం ప్రెసిడెంటు ఆమె చేతికి మైకు ఇస్తూ, "ఇల్లూ ఆఫీసూ రెండూ ఎలా నెట్టుకొస్తన్నారో మన ఆడపడుచులకి రెండు ముక్కలు సెప్పండమ్మా," అన్నాడు. హాల్లో ఉన్న ఆడపడుచు ఆమె ఒక్కతే.

"అది మా ఆయన్ని అడగండి," అంది లీలారాణి. "ఆయనకీ ఇల్లుంది, ఉద్యోగం ఉంది. మీ అందరికీ ఉన్నాయి. మిమ్మల్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు, పాపం."

వాళ్ళు దాన్ని హాస్యం అనుకుని చప్పట్లు కొట్టారు. గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్ళలో కొండబాబు కూడా ఉన్నాడు.

మర్నాడు ఉదయం ఆమె అతని బల్ల ముందుకి వెళ్ళి నిలబడింది. ఈసారి మనసు విప్పించే ప్రశ్న, ఆలోచింపజేసే ప్రశ్న, అలాంటివేవీ తీసుకురాలేదు. కొన్నిటికి అవునో కాదో చాలు.

"నేను మేనేజర్నా, కాదా?"

కొండబాబు నవ్వాడు. "ఇప్పుడేటమ్మా ఆ మాట. మీ ఆయన్ని ఓసారి రమ్మను, మాటాడదాం."

"ఆయనకి లారీల గురించి తెలీదండి. మందుల గురించైతే రమ్మంటాను."

"నువ్వు సేస్తన్నావు కదా పని. పేరుదేముంది?"

"పేరులో ఏమీ లేకపోతే ఇచ్చెయ్యండి."

"సూద్దాం," అన్నాడు.

ఆమె వెళ్ళి తన చోట కూర్చుంది. ఫోను మోగింది. తియ్యలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. కొండబాబు తల ఎత్తి, "ఫోను," అన్నాడు. ఆమె కిటికీ బయట చూస్తోంది. కర్ర గోడకి ఆనించి కూర్చున్న దాలయ్య లోడింగు చీటీలు సర్దుకుంటూ ఉండిపోయాడు, అతనికీ ఏమీ వినపడలేదు. మూడోసారి మోగినప్పుడు కొండబాబే లేచి తీశాడు.

అవతల వెంకీ. కోరాపుట్ దాటాక చెక్‌పోస్టు దగ్గర కాగితం ఏదో అడుగుతున్నారు, ఏది ఇవ్వాలి, పాత దారిన దిగాలా కొత్త దారినా అంటున్నాడు. కొండబాబు, "ఎక్కడున్నావు?" అన్నాడు. కోరాపుట్ అని ముందే చెప్పాడు వాడు. "ఎప్పుడొస్తావు?" అన్నాడు. కాగితం సంగతి చెప్తే వస్తాను బాబూ అన్నాడు వాడు. కొండబాబు దగ్గర ఇంకో ప్రశ్న లేదు, జవాబు అంతకన్నా లేదు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని లీలారాణి వైపు చూశాడు. "అమ్మగారు లేరేటి బాబూ?" అన్న మాట బల్ల ఇవతలికి కూడా వినపడింది.

"ఉండు," అన్నాడు చివరికి. "మేనేజరు గారికి ఇస్తన్నాను."

లీలారాణి లేచి ఫోను అందుకుంది. వెంకీకి కావలసింది చెప్పింది, ఏ కాగితం ఎవరికి చూపించాలో నిదానంగా చెప్పింది. ఫోను పెట్టేశాక మేనేజరు కుర్చీ మీది తువ్వాలు తీసి మడతపెట్టి కొండబాబు బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రమే తను మేనేజరని ఆర్డరు టైపు చేయించి, సంతకం పెట్టేదాకా అతని ఎదురుగా కూర్చుంది. అతని నోటిమాట ఎంతవరకు నిలుస్తుందో ఆ రోడ్డులో ఆమెకే బాగా తెలుసు.